చేపల అత్త అంగిలి, నా బేరం

మా నాన్న పట్టుచీరల కొట్టులో నేను నేర్చుకున్న మొదటి విద్య, ఎదుటివాళ్లు ధర చెప్పగానే నవ్వడం. రెండోది, నవ్వాక లేచి నాలుగడుగులు గబగబా వేసి, ఐదో అడుగు మాత్రం చాలా నెమ్మదిగా వేయడం. ఈ రెండు విద్యలతోనే బరంపురంలో నలభై ఏళ్లు నెట్టుకొచ్చాను. ఆటోవాళ్లతో ఆడాను, దర్జీలతో ఆడాను, పన్ను పీకే డాక్టరుతో తెరిచిన నోరు మూయకుండానే సైగలతో బేరమాడాను. నా పెళ్లిలో పురోహితుడితో మంత్రాలు సగానికి కుదిర్చానని మా ఆయన ఇప్పటికీ చుట్టాల ముందు అంటాడు. అది అబద్ధం. ముప్పావుకి కుదిరింది.

అలాంటిదాన్ని బేరానికి చోటే లేని ఉద్యోగంలో పడ్డాను. ఊళ్లో ఒక ఇరుకు సందులో రోగపరీక్షలు చేసే చిన్న ల్యాబు మాది. పైన డాక్టరుగారి గది, కింద నా బల్ల. ఆయన ఒడియా పెద్దమనిషి. సూక్ష్మదర్శినిలో కణాలను చూసి అది క్యాన్సరా కాదా అని చెప్పడం ఆయన పని. ఆ కణాలను ఆయన కంటికి కనబడేట్టు చేయడం నా పని. కణాలు పుట్టుకతో గాజుపెంకుల్లా ఉంటాయి, రంగు వేయకపోతే ఎంత పెద్ద డాక్టరుకైనా ఆనవు. గాజుపలక మీద పూసి, స్పిరిట్‌లో నానబెట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా మూడు రంగుల్లో ముంచి తీస్తే కణం ఒళ్లు లేత ఆకుపచ్చగానో నారింజగానో తేలుతుంది, నడుమ ఉండే కేంద్రకం నీలంగా తేలుతుంది. కథంతా ఆ నీలం చుక్కలోనే ఉంటుంది. చిన్నగా, గుండ్రంగా, బుద్ధిగా ఒక పక్క కూర్చుంటే మంచిది. ఉబ్బి, నల్లబడి, అంచులు వంకర్లు పోయి, ఇల్లంతా తనదే అన్నట్టు కూర్చుంటే మంచిది కాదు.

"డిగ్రీ దాకా చదివించింది రంగుల్లో గుడ్డలు ముంచడానికా?" అని మా నాన్న మొదట్లో సణిగేవాడు. గుడ్డలు కాదు నాన్నా, మనుషులు అనేదాన్ని. "మనుషులైతే రంగు వెలిసిపోదా?" అని అడిగేవాడు. వ్యాపారి కదా, ముందు ఆ సందేహమే వస్తుంది.

రెండేళ్ల కిందట మా ల్యాబులోకి కంప్యూటరు వచ్చింది. అంతకు ముందూ ఉండేది, బిల్లులు కొట్టడానికి. ఇది వేరే. ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన కణాల ఫొటోలను కొలిచే ప్రోగ్రాము తయారుచేశాడు. సూక్ష్మదర్శిని నెత్తిన కెమెరా బిగిస్తే, అది తీసిన ఫొటోలో నీలాన్ని మిగతా రంగుల నుంచి విడదీసి, ఒక్కొక్క కేంద్రకం చుట్టూ గీత గీస్తుంది. ఎంత పెద్దది, ఎంత ముదురు, అంచు ఎంత వంకర, కణంలో ఎంత చోటు తిన్నది, అన్నీ కొలుస్తుంది. మామూలుగా ఉంటే పచ్చగీత, అనుమానం ఉంటే ఎర్రగీత. ఆ ప్రోగ్రాముకి చదువు చెప్పడానికి ఆయనకి బోలెడు ఫొటోలు కావాలి. రోగుల పేర్లు అక్కర్లేదు, ఫొటోలు చాలు. మా దగ్గర దిగపహండి, పురుషోత్తంపూర్ నుంచి కూడా బస్సుల మీద పలకలు వస్తాయని ఎవరో చెప్పారట.

డాక్టరుగారు బేరం నాకు అప్పగించారు. నేను కాలేజీ ఆయన అడిగింది విని నవ్వాను. లేచాను. నాలుగో అడుగు పడకముందే ఆ పిచ్చి మహారాజు "కెమెరా కూడా మీకే ఇచ్చేస్తాను మేడం" అన్నాడు. ఐదో అడుగు వేసే అవకాశం కూడా ఇవ్వలేదు. బేరంలో ఇంత రుచి లేని మనిషిని నేనింతవరకూ చూడలేదు.

మొదటి వారంలో మా కంప్యూటరు బరంపురం అంతటికీ క్యాన్సర్ ఉందని తేల్చింది. ఏ పలక పెట్టినా ఎర్రగీతలే. సరదాకి నా బుగ్గ లోపల గీకి పెట్టాను, ఎర్రగీతలే. డాక్టరుగారి బుగ్గ గీకి పెట్టాను, ఇంకా ఎక్కువ. ఆయన చాలాసేపు తెరకేసి చూసి, "మా, ఈ లెక్కన మనిద్దరిలో ముందు ఎవరు పోతామో అది కూడా చెబుతుందా?" అన్నారు. ఒడియా వాళ్లు ఆడపిల్లల్ని 'మా' అంటారు, ఆయన నన్ను అలాగే పిలుస్తారు.

కాలేజీ ఆయన వచ్చి చూశాడు. తప్పు ప్రోగ్రాముది కాదు, నాది. నీలం రంగు కొత్త వ్యాపారి దగ్గర కొన్నాను. రెండు సీసాలకి ఒకటి ఉచితం అని వాణ్ణి ఏడిపించి మరీ తెచ్చాను. దాని అడుగున మడ్డి. ఆ మడ్డి రేణువులు కణాల మీద పడి నల్లగా కూర్చుంటే కంప్యూటరు వాటిని కూడా కేంద్రకాలే అనుకుంటోంది. దానికి తోడు మా సూక్ష్మదర్శిని బల్బు పసుపుపచ్చది. ఇది వినగానే నాకు సిగ్గేసింది. ఎందుకంటే మా కొట్లో పసిపిల్లకి కూడా తెలుసు, చీర రంగు ట్యూబులైటు కింద చూడకూడదని. భంజనగర్ నుంచి పెళ్లికొనుగోలుకి వచ్చిన ముసలమ్మలు చీరని భుజాన వేసుకుని సరాసరి గడప బయటికి నడుస్తారు, ఎండలో చూశాకే మాట్లాడతారు. నేను పలకకి ఆ మర్యాద చేయలేదు. ఆ రోజు నుంచి రంగుని వడగట్టడం, పొద్దున్నే ముందుగా ఖాళీ గాజుపలక ఫొటో తీసి "ఇదమ్మా తెలుపంటే" అని కంప్యూటరుకి చూపించడం అలవాటు చేసుకున్నాను. ఎర్రగీతలు తగ్గాయి. డాక్టరుగారూ నేనూ బతికిపోయాం.

కానీ నా బుర్రలో ఒక ముద్ర పడిపోయింది. ఈ యంత్రం కూడా కొట్టువాడి లాంటిదే, మొదటి ధర ఎప్పుడూ ఎక్కువే చెబుతుంది అని. కొంప ముంచింది ఆ ముద్రే.

ఇక చేపల అత్త సంగతి. సముద్రం ఒడ్డు ఊరి నుంచి పొద్దుటి బస్సులో గంపతో దిగి, మా వీధిలోకి వస్తుంది. నేను గౌను వేసుకునే రోజుల నుంచీ వస్తోంది. నేను అత్తా అంటాను, ఆమె నన్ను కోడలా అంటుంది. ఆమె ఇద్దరు కొడుకులూ పెళ్లాలతో సుఖంగానే ఉన్నారు, నా కోడలితనం వట్టి బేరాల కోసమే. ఆమె వీధి మొదట్లో "సేపలోయ్" అంటే మూడో వీధిలో పిల్లులు లేచి కూర్చుంటాయి. మైకు అక్కర్లేదు, గంట అక్కర్లేదు. ఆ గొంతే ఆమె కొట్టు, బోర్డు, షట్టరూ అన్నీ.

ఆమెకి చుట్ట అలవాటు. అందరిలా కాదు, అడ్డపొగ. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, ముక్కులోంచి పొగ వదులుతుంది. మా తీరంలో ఆ వయసు ఆడవాళ్లకి ఇది కొత్త కాదు. గాలికి ఆరిపోదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, వల సర్దుకోవచ్చు, చేప కోసుకోవచ్చు. చిన్నప్పుడు నేను దాన్ని గారడీ అనుకునేదాన్ని. చుట్ట నోట్లో ఉండగానే ఆమె నన్ను తిట్టగలదు, నిప్పురవ్వ బయటికి రాదు.

పోయిన చలికాలంలో ఒక పొద్దున కానాగంత చేపల ధర దగ్గర మాకు జగడం పడింది. నేను చెప్పిన ధరకి ఆమె తల వెనక్కి వాల్చి నవ్వింది. ఎండ సరిగ్గా నోట్లో పడింది. అంగిలి పొగచూరిన పెనంలా ఉంది. దాని నడుమ ఒక తెల్లమచ్చ, పక్కనే రేగిపోయినట్టు ఎర్రగా ఒక చోటు. నా నవ్వు ఆగిపోయింది.

"అత్తా, నోరు ఇంకోసారి తెరువు."

"ఎందుకే? కానాగంత లోపల దాసేసేననేటి?"

"ఆ మచ్చ ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"ఏ మచ్చ? నా నోరు నాను సూసుకుంతానేటే? కారం తగిల్తే సురుక్కుమంతాది. కారం కదా మరి, సల్లగుంతాదేటి?"

మా ల్యాబుకి రమ్మన్నాను. చిన్న బ్రష్షుతో అంగిలి మీద గీకుతామని, నొప్పి ఉండదని, డాక్టరుగారు చూసి చెబుతారని చెప్పాను.

"గీకితే నాకేటొస్తాది?"

"ఏటీ రాదు. ఏటైనా ఉంటే తెలుస్తాది."

"ఏటీ రాన్దానికి నోరు తెరవమంతన్నావు. మీ అయ్య కొట్లో సీరలు ఇలాగే అమ్ముతాడేటే?" గంప మూత సర్దింది. కళ్లు చిన్నవి చేసి నాకేసి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. నేను అద్దంలో చూసుకునే చూపే అది. "సరే, వత్తాను. కానీ ఒక నెల్లాళ్లు నాను సెప్పిన రేటుకే నువ్వు సేప కొనాల. ఇకిలించకూడదు. లేసి ఎల్లిపోకూడదు. సప్పుడు సెయ్యకుండా తీసుకుని నోపలికెల్లిపోవాల."

నేను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాను. "పది రోజులు."

"నెల."

"పదిహేను, అత్తా. మనిషన్నాక తట్టుకోవాలి కదా."

"నోరు మూసీమంతావా?"

"నెల."

మర్నాడు మధ్యాహ్నం గంప ఖాళీ అయ్యాక వచ్చింది. బెంచీ మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. డాక్టరుగారు నోట్లో లైటు వేసి చూశారు, ఆయన అనుమతితో నేను బ్రష్షుతో గీకి పలక మీద పూశాను. ఆమె ఉమ్మేసి, నోరు కడుక్కుని, ఒకే ఒక్కమాట అడిగింది.

"బాబూ, ఒకేల సెడ్డదైతే నా గొంతు పోతాదేటి?"

డాక్టరుగారు దాచే మనిషి కాదు. "మావుసీ, అలాంటిదే అయితే, తొందరగా దొరికితే పైపొర తీసేస్తారు, మాట ఉంటుంది. ఎముక దాకా దిగితే అంగిలి తీయాలి. అప్పుడు మాట తేలిగ్గా రాదు" అన్నారు. మావుసీ అంటే ఒడియాలో పిన్ని.

"గొంతు నేకపోతే నా గంప ఎవులికి ఇనబడతాది?" అంది అత్త, ఆయనతో కాదు, బెంచీతో. చీరకొంగు దులుపుకుని బస్సుకి వెళ్లిపోయింది.

నేను పలకకి రంగులు వేశాను. ముందు డాక్టరుగారు చూశారు. ఆ రోజు ఆయనకి పలకలు చాలా ఉన్నాయి. "పొగతాగే నోట్లో కణాలు ఇలాగే ముదిరిపోయి ఉంటాయి. నాకంత అనుమానం లేదు. నీ యంత్రం ఏమంటుందో చూసి చెప్పు, దాన్నిబట్టి రాద్దాం" అన్నారు.

యంత్రం ఎర్రగీతలు గీసింది. గుప్పెడు కాదు, చాటెడు.

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి చెయ్యి ఆడటం లేదు కానీ రాస్తాను. తెర పక్కన ఒక మీట ఉంటుంది. ఎంత నల్లగా ఉంటే అనుమానించాలి అన్నది దానితో నిర్ణయించవచ్చు. కాలేజీ ఆయన ఒక చోట పెట్టి, దీన్ని కదపకండి అని చెప్పి వెళ్లాడు. నేను కదిపాను. నా ముందు రెండు ధరలు ఉన్నాయి. డాక్టరుగారిది బాగా తక్కువ, యంత్రానిది బాగా ఎక్కువ. కొట్లో పెరిగినదాన్ని, రెండు ధరలు కనబడితే నా చెయ్యి తనంత తానే నడిమికి వెళుతుంది. మీటని కొంచెం జరిపాను, సగం ఎర్రగీతలు పచ్చబడ్డాయి. ఇంకొంచెం జరిపాను, ఏడెనిమిది మిగిలాయి. అబ్బ, కుదిరింది అనిపించింది. మొదటి ధర ఎప్పుడూ ఎక్కువే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పైగా ఆ పలక అత్తది. నాకు కావలసింది ఏ ధరో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఫొటో చూపించాను. డాక్టరుగారు తలాడించారు. "సరే, చుట్ట మానమని చెప్పు. మూడు నెలలకి మళ్లీ గీకి చూద్దాం."

మర్నాడు పొద్దున్నే అత్తకి చెప్పాను, మూడు నెలల దాకా భయం లేదని. ఆమె ఊపిరి వదిలి, "ఏటీ నేన్దానికేనా నెల్రోజులు నా రేటుకి కొంతానన్నావు?" అని నవ్వింది. నేను కూడా నవ్వాను. పండగలా ఉంది.

అప్పుడే నెత్తళ్లనే చిన్నచేపలు కొనాల్సి వచ్చింది. ఆమె ధర చెప్పింది. దారుణమైన ధర. నేను నవ్వకూడదు, లేవకూడదు. పెదాలు దురదపెడుతున్నాయి. వీధి చివర మా నాన్న కొట్టు షట్టరు ఎత్తిన చప్పుడు వినబడింది, ఆయన నన్ను చూస్తే పరువు పోతుందనిపించింది. ధర మీద మాట్లాడకూడదన్నదే కదా ఒప్పందం, మిగతా వాటి మీద కాదు కదా అని బుర్ర ఒక దారి వెతికింది. ఆమె తక్కెడ ఎత్తి తూస్తుంటే, "ముల్లు ఇంకాస్త ఇటు రావాలి అత్తా" అంటూ తూకపురాళ్ల పళ్లేన్ని చూపుడువేలితో కిందికి నొక్కాను.

ఆమె నా చేతి మీద ఒక్కటిచ్చింది. చప్పుడుకి ఎదురింటి ఆవిడ కిటికీలోంచి తొంగిచూసింది.

"తియ్యి సెయ్యి! రేటు కాడ నువ్వెంతైనా కొట్టాడు, నానెంతైనా కొట్టాడతాను. తక్కెట్లో ఏలెడితే మాత్రం నీకు సేప అమ్మను. ముల్లు నీదీ కాదు, నాదీ కాదు. అది ఎక్కడ నిలబడితే అక్కడే."

నేను నెత్తళ్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెయ్యి మండుతోంది. నిన్న మధ్యాహ్నం మీట మీద పెట్టినది కూడా ఈ వేలే. డాక్టరుగారితో ఫీజు దగ్గర బేరమాడవచ్చు, రంగు సీసాల దగ్గర ఆడవచ్చు. నేను ముల్లుతో ఆడాను. అది కూడా ఈ మనిషి నోటి మీద.

నెత్తళ్లు కడగకుండానే ల్యాబుకి పరిగెత్తాను. మీటని పాతచోటికి తోశాను. ఎర్రగీతలన్నీ తిరిగొచ్చాయి, నన్ను గుర్తుపట్టినట్టు. పైకి వెళ్లి డాక్టరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"యంత్రం తప్పు చెబుతుందేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాను మా. మధ్యలో నువ్వున్నావన్న సంగతే మరిచిపోయాను."

తరవాత మాట్లాడకుండా పలక తీసుకున్నారు. యంత్రం ఎర్రగీత గీసిన కణాలు పలకలో ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకుంటుంది. ఆయన ఒక్కొక్క చోటికీ వెళ్లి కళ్లతో చూశారు. చాలావాటిని "ఇది పొగ, ఇది వాపు, ఇవి రెండు కణాలు ఒకదాని మీద ఒకటి" అని కొట్టిపారేశారు. యంత్రం ధర నిజంగానే కొంచెం ఎక్కువే. కానీ పలక అంచున ఒక చిన్న గుంపు దగ్గర ఆగిపోయారు. సూక్ష్మదర్శిని మరను సన్నగా బిగించారు, వదులు చేశారు, మళ్లీ బిగించారు. నేను గోడ గడియారం వైపు చూడకుండా ఉండటానికి నా నెత్తళ్ల సంచీ వైపు చూస్తున్నాను.

"నిన్న నేను ఇక్కడిదాకా రాలేదు" అన్నారు చివరికి. "అవునో కాదో కణాలతో తేలదు. ముక్క తీసి చూడాలి. మూడు నెలలు ఆగే పని కాదు, ఈ వారమే."

అత్త మధ్యాహ్నం బస్సు ఎక్కే చోటికి వెళ్లాను. ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. చెప్పాను. ఆమె మొహం గట్టిబడింది.

"పొద్దున్న మూణ్నెల్లన్నావు. ఇప్పుడు ఈ వారమంతన్నావు. ఏ మాట నీది?"

"తక్కెట్లో ఏలెట్టాను అత్తా. నిన్న. అక్కడ కూడా."

బస్సు వచ్చింది, కండక్టరు ఒడియాలో కేకేశాడు, ఆమె లేవలేదు.

"ఎందుకెట్టావు?"

"నీకేటీ నేదని అనిపించుకోవాలని."

"నా కోసరమా? నీ కోసరమా?"

నేను చూపుడువేలిని పిడికిట్లో దాచుకున్నాను.

బస్సు వెళ్లిపోయింది. ఆమె గంప చంకన పెట్టుకుని లేచింది. "ఆ బొమ్మేదో నాకు సూపించు. సరుకు సూడకుండా నానెప్పుడూ బేరానికి దిగనేదు. ఏలెట్టకుండా సూపించు."

ల్యాబులో కుర్చీ వేసి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. మామూలుగా రోగులకి ఇవి చూపించం. డాక్టరుగారు కిందికి దిగి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు, ఆపలేదు. మొదట మంచి కణాలు చూపించాను. పల్చగా, అంచులు ఐదారు మూలలుగా, ఒకదాని పక్కన ఒకటి రాలిపడి ఉన్నాయి.

"ఓలమ్మ! ఇయి పొలుసులే గదేటే!" అంది. "సేప గీకితే ఇలాగే పడతాయి. మనిసి నోట్లో కూడా పొలుసులుంతాయేటి?"

"ఉంటాయి అత్తా. డాక్టర్లు కూడా వాటిని పొలుసు కణాలనే అంటారు."

"అన్నేరా ఏటి మరి. ఆల్లకి కల్లున్నాయి కదా." గర్వంగా డాక్టరుగారి వైపు చూసింది. తరవాత అంచున ఉన్న గుంపు తెచ్చాను, ఎర్రగీతలతో. ఆమె మొహం తెరకి దగ్గరగా పెట్టింది. గీతల్ని పట్టించుకోలేదు. గీతల లోపల ఉన్న నీలం చుక్కల్ని చూస్తోంది, మార్కెట్లో చేప మొప్ప ఎత్తి చూసినట్టు, తొందర లేకుండా.

"ఆ ముందు బొమ్మల్లో కన్ను సిన్నగా, తేటగా ఉంది. ఈటికి కన్ను ఉబ్బిపోయింది, మసకేసింది. ఇలాటి సేప ఒకటి గంపలో ఉంటే నానేటి సేత్తానో తెలుసా?"

"ఏటి సేస్తావు?"

"తీసి అవతల పారేత్తాను. పక్క సేపకి అంటకముందే." కుర్చీలో వెనక్కి వాలింది. గొంతు మొదటిసారి చిన్నదైంది. "ఎప్పుడు కోత్తారంట?"

డాక్టరుగారు తలుపు దగ్గర నుంచి వచ్చి, తనకి తెలిసింది, తెలియనిది విడివిడిగా చెప్పారు. ముక్క తీశాకే ఖాయంగా తెలుస్తుందని, చెడ్డదైతే మచ్చ ఉన్నంతమేరా తీసేస్తారని, కొన్నాళ్లు మాట ముక్కులోంచి వస్తుందని, చుట్ట మాత్రం ఈ రోజుతో ఆఖరని.

"ఆఖరంటే ఆఖరేనా బాబూ? పొద్దుట ఒకటి?"

"లేదు మావుసీ."

"నిప్పు బయటెట్టుకుంతాను."

"అది కూడా లేదు."

ఆమె నా వైపు తిరిగింది. "ఈయన నీకాడ పని సేసి కూడా ఏటీ నేర్సుకోనేదే" అంది. అయినా నడుముకి దోపుకున్న చుట్టల కట్ట తీసి మా బల్ల మీద పెట్టింది. దాన్ని ఏం చేయాలో తెలియక డాక్టరుగారు కాసేపు చేతిలో పట్టుకుని తిరిగారు.

పెద్దాసుపత్రిలో ముక్క తీశారు. ఫలితం వచ్చేదాకా వారం రోజులు నేను ఇంట్లో ఎవరితోనూ బేరమాడలేదు. మా ఆయనకి భయం వేసి జ్వరం చూశాడు. ఫలితంలో చెడు మార్పే అని వచ్చింది, కానీ పైపొరలోనే ఉంది, కిందికి దిగలేదు. ఆ మాట చదివి డాక్టరుగారు కాగితాన్ని నా చేతికిచ్చి, "ఇప్పుడు చెప్పు, మూడు నెలలాగితే?" అనలేదు. ఆయన అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది. ఆ తరవాతి ఆపరేషన్‌లో మచ్చ మొత్తం తీసేశారు. చుట్టూ కోసిన అంచుల్లో ఏమీ మిగల్లేదని కబురు వచ్చింది, పుండు మానేదాకా ఆమె మాట్లాడకూడదన్నారు, జావ తప్ప తినకూడదన్నారు. చూడటానికి వాళ్ల ఊరెళ్లాను. ఆమె ఇంటి ముందు కూర్చుని కోడళ్లతో సైగలతో దెబ్బలాడుతోంది. నన్ను చూసి, నోరు చూపించి, చేత్తో చుట్ట కాల్చినట్టు అభినయించి, ఏడుపు మొహం పెట్టింది. బుగ్గలో చింతగింజ ఉంది. చుట్ట గుర్తొచ్చినప్పుడల్లా దాన్ని అటూ ఇటూ తిప్పుతుందట.

చాలా రోజులకి ఒక పొద్దున వీధి మొదట్లో ఒక కొత్త అరుపు వినబడింది. సన్నగా, ముక్కులోంచి, చివర్లో గాలి జారిపోతూ. "సేపలోయ్" అనే మాట అది అని అర్థం కావడానికే కాసేపు పట్టింది. ఎదురింటి ఆవిడ కిటికీ తీసింది. మేడ మీది వాళ్లు పిట్టగోడ దగ్గరికి వచ్చారు. "ఎవరో కొత్త చేపలమ్మ వచ్చినట్టుంది" అనుకుంటూ నాలుగు గడపల వాళ్లు గిన్నెలతో బయటికి దిగారు. పాత అరుపుకి ఎవరూ లేచేవాళ్లు కాదు, ఆమె ఎలాగూ తలుపు దాకా వస్తుందని తెలుసు. మా నాన్న కూడా కొట్టు వదిలి వీధిలోకి వచ్చి నిలబడ్డాడు.

మలుపు తిరిగేసరికి గంప కింద ఉన్నది అత్తే. చిక్కిపోయింది. అందరూ ఒక్కసారిగా చుట్టుముట్టారు, నోరు తెరవమన్నారు, మచ్చ చూపించమన్నారు, ఎలా ఉందన్నారు, మాటల మధ్య చేపలు కూడా తీసుకున్నారు. ఆమె ఒక్కొక్కరికీ నోరు తెరిచి చూపిస్తోంది, మూసి తూస్తోంది. అరగంటలో గంప ఖాళీ. నాకు కవళ్ల లాంటి చవక చేపలు కూడా మిగల్లేదు.

ఆమె మా అరుగు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, ఖాళీ గంప లోపలికి అనుమానంగా చూసింది.

"నలబయ్యేల్లు మంచి గొంతుతో అరిసేనే కోడలా," అంది ముక్కుతో, "ఇంతమంది ఎప్పుడూ తలుపులు తియ్యనేదు. ముందే కోయించుకోవాల్సింది."